నూటపదహారు రోజులు, నాలుగు రోజులు

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున కొవ్వాడ ఉంది. అక్కడ ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున 6 అణు రియాక్టర్లు పెట్టాలన్నది కేంద్రం ప్రతిపాదన. జిల్లా శ్రీకాకుళమే అయినా, రణస్థలం ఎచ్చెర్ల అసెంబ్లీ నియోజకవర్గంలోది కాబట్టి లోక్‌సభ లెక్కలో విజయనగరం కిందికి వస్తుంది. అందుకే ఈ సంగతి రెండు జిల్లాలదీ. రియాక్టర్లు కావాలా వద్దా అన్నది నేనిక్కడ తేల్చబోవడం లేదు. అక్కడ ప్రమాదమంటూ జరిగితే ఎవరు ఎంత కట్టాలో చెప్పే చట్టం గురించి రాస్తున్నాను.

ఆ చట్టం పార్లమెంటులో రెండుసార్లు తయారైంది. మొదటిసారి 2010లో. మే 7న లోక్‌సభలో బిల్లు పెట్టారు, ఆగస్టు 30న రాజ్యసభ ఆమోదించింది. మొదటి రోజూ చివరి రోజూ కలుపుకుంటే 116 రోజులు. రెండోసారి 2025లో. డిసెంబరు 15 సోమవారం పెట్టారు, 17న లోక్‌సభలో అయిపోయింది, 18 గురువారం రాజ్యసభలోనూ అయిపోయింది. నాలుగు రోజులు. ఈ రెండో బిల్లు పేరు శాంతి. 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి అణు నష్టపరిహార చట్టాన్నీ రెండింటినీ రద్దు చేసి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచి, పరిహారం లెక్కలు కొత్తగా రాసిన బిల్లు అది. అరవై ఏళ్ల చట్టాన్ని తీసేసి కొత్తది పెట్టడానికి నాలుగు రోజులు చాలవని నా వాదన. ఎందుకు చాలవో చెప్పాలంటే 2010లో ఆ 116 రోజుల్లో ఏం జరిగిందో దగ్గరగా చూడాలి.

2010 బిల్లు మొదట వచ్చినప్పుడు, రియాక్టరు నడిపే సంస్థ కట్టాల్సిన పరిహారానికి గరిష్ఠ హద్దు 500 కోట్ల రూపాయలు. బాధితుడు పరిహారం అడగడానికి గడువు 10 ఏళ్లు. ఆ బిల్లును సైన్స్, టెక్నాలజీ, పర్యావరణ, అటవీ శాఖలు చూసే పార్లమెంటు స్టాండింగ్ కమిటీకి పంపారు. అప్పుడు కమిటీ అధ్యక్షుడు టి.సుబ్బరామిరెడ్డి, మన విశాఖకు బాగా తెలిసిన మనిషి. కమిటీ ఒక్కో శాఖ కార్యదర్శినీ పిలిచి కూర్చోబెట్టి అడిగింది. రేడియేషన్ సోకితే మనుషులను చూడాల్సిన ఆరోగ్య శాఖను బిల్లు తయారీలో సంప్రదించనే లేదన్న సంగతి కమిటీ ముందే బయటపడింది. సభలో మంత్రి ప్రసంగం వింటే ఇలాంటివి తెలియవు. అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితేనే తెలుస్తాయి.

కమిటీ నుంచి బయటికొచ్చేసరికి 500 కోట్లు 1,500 కోట్లయింది. ఒంటికి జరిగిన హానికి పరిహారం అడిగే గడువు 20 ఏళ్లయింది. రేడియేషన్ వల్ల వచ్చే క్యాన్సరు పదేళ్లు దాటాక కూడా బయటపడొచ్చు. పదేళ్లకే తలుపు మూసేస్తే, పదకొండో ఏట జబ్బు తేలిన మత్స్యకారుడికి అడిగే దారే ఉండదు. ఆ తలుపు ఇంకో పదేళ్లు తెరిచి ఉంచింది కమిటీయే.

ఇక ‘మరియు’ సంగతి. బిల్లులో 17వ క్లాజు, యంత్రాలు సరఫరా చేసిన కంపెనీ నుంచి ఆ పరిహారం డబ్బును రియాక్టరు నడిపే సంస్థ తిరిగి రాబట్టుకునే హక్కు గురించి. దాని కింద మూడు ఉపక్లాజులు. మొదటిది, ఒప్పందంలో ఆ మేరకు రాసుకుని ఉంటే. రెండోది, సరఫరాదారు ఇచ్చిన సరుకులోనో సేవలోనో లోపం వల్ల ప్రమాదం జరిగితే. మూడోది, ఎవరైనా కావాలని చేస్తే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా హక్కు ఉన్నట్టే అన్నది మామూలుగా చదివితే వచ్చే అర్థం. ఆగస్టు 18న కమిటీ నివేదిక వచ్చినప్పుడు మొదటి ఉపక్లాజు చివర ‘మరియు’ అన్న మాట ఒకటి కనిపించింది. దానితో అర్థం తలకిందులైంది. లోపం రుజువైనా చాలదు, ఒప్పందంలోనూ రాసుకుని ఉండాలి. రెండూ కలిస్తేనే హక్కు. యంత్రాలు అమ్మే కంపెనీ తన మీదికి వచ్చే షరతును ఒప్పందంలో ఎందుకు రాయనిస్తుంది?

ఆ ఒక్క మాటను ప్రతిపక్షంలోని బీజేపీ, వామపక్షాలు పట్టుకున్నాయి. ప్రభుత్వం ‘మరియు’ను తీసేసింది. ఆ వెంటనే వచ్చిన సవరణల్లో ‘నష్టం కలిగించాలనే ఉద్దేశంతో’ అన్న అర్థం వచ్చే మాటలు చేరాయి. నాసిరకం వాల్వు అమ్మినవాడు, ప్రమాదం జరగాలనే ఉద్దేశంతోనే అమ్మాడని కోర్టులో రుజువు చేయాలన్నమాట. అది ఎవరివల్లా కాదు. దాన్నీ పట్టుకున్నారు. ఆగస్టు 25న లోక్‌సభలో బిల్లు గట్టెక్కేసరికి అదీ పోయింది. పైకి కనపడే లోపమైనా, లోపల దాగిన లోపమైనా, నాసిరకం సేవైనా సరఫరాదారు జవాబు చెప్పుకోవాలని చట్టంలోకి వచ్చింది.

ఇది జరగడానికి ఎవరి గొప్ప మనసూ కారణం కాదు. నవంబరులో అమెరికా అధ్యక్షుడు ఒబామా రావాల్సి ఉంది, ప్రభుత్వానికీ తొందరగానే ఉంది. కానీ కాగితం అందరి చేతుల్లో వంద రోజులకు పైగా తిరిగింది. ఆ మధ్యలోనే జూన్ 7న భోపాల్ గ్యాసు కేసులో కింది కోర్టు తీర్పు వచ్చింది. వేలమంది ప్రాణాలు తీసిన కేసులో దోషులకు రెండేళ్ల జైలు. దేశమంతా మండిపడింది. ఆ కోపం తిన్నగా ఈ బిల్లు మీదికి మళ్లింది. పత్రికలు రాశాయి, లాయర్లు లెక్కలు కట్టారు, ఎంపీలకు ప్రశ్నలు అందాయి. నాలుగు రోజుల్లో అయ్యే బిల్లుకు అలాంటి అవకాశం ఎక్కడిది?

2025 చట్టంలో సరఫరాదారు లోపం గురించిన ఆ ఉపక్లాజు లేదు. ఒప్పందంలో రాసుకుంటేనో, ఎవరైనా కావాలని నష్టం చేస్తేనో తప్ప తిరిగి రాబట్టుకునే హక్కు లేదు. 2010లో పట్టుకుని తీయించిన ‘మరియు’ ఏ ఫలితం ఇచ్చేదో, దాదాపు అదే ఫలితం ఇప్పుడు వచ్చింది. ఆ ఉపక్లాజు వల్లే విదేశీ కంపెనీలు ముందుకు రాలేదని, కొవ్వాడ పదిహేనేళ్లుగా కాగితం మీదే ఉండిపోయిందని వాదించేవారున్నారు. ఆ వాదనలో పస లేదనను. నేను ఒప్పుకోను, కానీ అది వినదగ్గ వాదనే. అలాంటప్పుడు దాన్ని కమిటీ ముందు పెట్టి, ఎదుటివాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పి గెలవాలి. ప్రతిపక్షాలు కమిటీకి పంపమని అడిగాయి. పంపలేదు.

కొత్త చట్టంలో పరిహారం హద్దు రియాక్టరు సైజును బట్టి మెట్లుమెట్లుగా ఉంది. ఉష్ణ సామర్థ్యం 3,600 మెగావాట్లు దాటితే 3,000 కోట్లు. 1,500 నుంచి 3,600 వరకైతే 1,500 కోట్లు. ఇంకా చిన్నవాటికి ఇంకా తక్కువ. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రియాక్టరుకు ఉష్ణ సామర్థ్యం వేరు, విద్యుత్ సామర్థ్యం వేరు. పుట్టిన వేడిలో సుమారు మూడోవంతే కరెంటవుతుంది. కొవ్వాడకు అనుకుంటున్న ఏపీ1000 రకం రియాక్టరు ఉష్ణ సామర్థ్యం సుమారు 3,400 మెగావాట్లు. అంటే 3,600 గీతకు కాస్త కిందే ఆగుతుంది. మహారాష్ట్రలోని జైతాపూర్‌కు అనుకుంటున్న ఫ్రెంచి ఈపీఆర్ రియాక్టర్లు ఆ గీత దాటతాయి. కాబట్టి అక్కడ హద్దు 3,000 కోట్లు, కొవ్వాడలో 1,500 కోట్లు. 2010లో అనుకున్న 1,500 కోట్లే, పదిహేనేళ్ల తర్వాత కూడా, రూపాయి విలువ ఇంత పడిపోయాక కూడా. గీత 3,600 దగ్గరే ఎందుకు గీశారు? 3,000 దగ్గర గీస్తే ఏం? దీనికి సరైన జవాబు ఉంటే ఉండొచ్చు. అడగడానికి రణస్థలంలో ఎవరికైనా టైము ఇచ్చారా అన్నదే నా ప్రశ్న. ఆ హద్దు దాటిన నష్టానికి కేంద్రం బాధ్యత వహిస్తుంది, దానికీ ఒక పరిమితి ఉంది.

బిల్లు నడిచే దారి తెలియనివాళ్లకు ఇదంతా గందరగోళంగా ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మొదట బిల్లు ప్రవేశపెడతారు. ఆ రోజు చర్చ ఉండదు. తర్వాత పరిశీలన. ఇందులో రెండు అంచెలు. బిల్లు ఉద్దేశం మీద సాధారణ చర్చ ఒకటి, ఒక్కో క్లాజూ తీసుకుని సవరణలతో సహా ఓటింగు ఇంకొకటి. ఆఖరున ఆమోదం. రెండో సభలోనూ ఇదే వరస, ఆపైన రాష్ట్రపతి సంతకం. పరిశీలనకు ముందు సభ నాలుగు పనుల్లో ఏదైనా చేయొచ్చు. నేరుగా చర్చకు తీసుకోవచ్చు, సెలెక్ట్ కమిటీకి పంపొచ్చు, ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపొచ్చు, ప్రజాభిప్రాయం కోసం దేశంలో తిప్పొచ్చు. ఇవికాక శాఖలవారీ స్టాండింగ్ కమిటీలు 1993 నుంచి ఉన్నాయి. ఇప్పుడవి 24. ఒక్కోదాంట్లో 21 మంది లోక్‌సభ వాళ్లు, 10 మంది రాజ్యసభ వాళ్లు.

నిబంధనల్లో జాగ్రత్తలు లేకపోలేదు. ప్రవేశపెట్టడానికి రెండు రోజుల ముందే బిల్లు ప్రతి సభ్యులకు అందాలి. ప్రవేశపెట్టాక చర్చకు తీసుకునేలోగా మళ్లీ రెండు రోజులు ఉండాలి. సవరణ ఇవ్వాలంటే ఒకరోజు ముందు నోటీసివ్వాలి. అయితే ప్రతిదాని పక్కనా ‘స్పీకర్ అనుమతిస్తే తప్ప’ అన్న వెసులుబాటు ఉంది. అత్యవసరానికి పెట్టుకున్న ఆ వెసులుబాటు రానురాను రోజువారీ పద్ధతైపోయింది. చట్టసభల పనితీరును లెక్కగట్టే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్క చూడండి. 14వ లోక్‌సభలో 60 శాతం, 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి 16 శాతం. ఆ లోక్‌సభ కాలంలో ఆమోదం పొందిన బిల్లుల్లో 58 శాతం, పెట్టిన రెండు వారాల్లోపే అయిపోయాయి. లోక్‌సభలో 35 శాతం బిల్లులపై చర్చ గంటైనా సాగలేదు.

బిల్లు చదవడానికి ఎంత టైము కావాలో ఢిల్లీలో కాదు, మన దగ్గర లెక్కేయండి. బిల్లు కాగితంలో క్లాజులొక్కటే ఉండవు. వెనక ఉద్దేశాలు, కారణాల వివరణ ఉంటుంది. ఒక్కో క్లాజు మీద నోట్సు ఉంటాయి. ఖజానా మీద ఎంత పడుతుందో చెప్పే ఆర్థిక మెమొరాండం, నియమాలు చేసే అధికారం ఎవరికిస్తున్నారో చెప్పే మెమొరాండం ఉంటాయి. చదవడం అలవాటున్నవాళ్లు ముందు చివరికి వెళ్తారు. ఏ పాత చట్టాలు రద్దవుతున్నాయో అక్కడే ఉంటుంది. తర్వాత నిర్వచనాలు. ఆ తర్వాత ‘నిర్దేశించిన విధంగా’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో పెన్సిలుతో గీసుకుంటారు. ఎందుకంటే అది వచ్చిన ప్రతిచోటా అసలు సంగతి సభ ముందు లేదు, రేపు ఏదో శాఖ గెజెట్‌లో రాసుకుంటుంది. శాంతి లాంటి బిల్లుకైతే 1962 చట్టం, 2010 చట్టం పక్కన పెట్టుకుని మూడు కాగితాలూ ఒకేసారి చదవాలి. అనుభవమున్న లాయరుకే రెండు మూడు పూర్తి రోజులు. దాన్ని తెలుగులో పెట్టడానికి కనీసం వారం. ఆ తెలుగు ప్రతి కొవ్వాడ, పక్క ఊళ్ల పెద్దల చేతికి చేరి, వేటకెళ్లినవాళ్లు ఒడ్డుకొచ్చాక ఒక సాయంత్రం కూర్చుని, సందేహాలు రాయించి ఎంపీకి పంపడానికి ఇంకో వారం. ఎంతలో ఎంత చూసుకున్నా మూడు వారాలు. సోమవారం పెట్టి గురువారం ముగించిన బిల్లు విషయంలో, మా ఊరి సంగతేమిటని విజయనగరం ఎంపీని ఎచ్చెర్లలో ఆపి అడిగే వీలు కూడా లేదు. ఆయన ఆ రోజుల్లో ఢిల్లీలోనే ఉంటాడు కదా.

ఒక పోలిక నన్ను వదలడం లేదు. ఏదైనా పెద్ద ప్రాజెక్టు పెట్టేముందు పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ చెబుతోంది. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే మనకు తెలుగులో, అందుబాటులో ఉంచాలి. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద 2010 జులై 14న కాల్పులు జరిగిన జిల్లా ఇది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అదే జరిగింది. ముందే వినకపోతే ఏమవుతుందో ఈ గడ్డకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క ప్లాంటుకు 30 రోజుల నోటీసు కావాలని చెప్పే దేశంలో, అన్ని అణు ప్లాంట్ల తలరాత రాసే చట్టానికి నాలుగు రోజులా? 2014 మొదట్లో కేంద్రమే ఒక విధానం ప్రకటించింది. బిల్లు ముసాయిదాను ముందుగా 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని. కానీ అది విధానమే, చట్టం కాదు. పాటించకపోతే అడిగేవాడు లేడు.

అదే వారంలో ఉపాధి హామీ చట్టం స్థానంలో వీబీ–జీ రామ్ జీ బిల్లు కూడా వచ్చింది. డిసెంబరు 16న పెట్టారు, 18న లోక్‌సభ, అర్ధరాత్రి దాటాక రాజ్యసభ. 100 రోజులు 125 అయ్యాయి, మంచిదే. కానీ ఇదివరకు కూలి డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది. ఇప్పుడు ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టాలి. పంట పనులు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజులదాకా పని ఆపొచ్చు. మెట్ట పొలం తప్ప ఇంకేమీ లేని మన మండలాల్లో ఆ 60 రోజులు ఎప్పుడు పడతాయన్నది ఇంటి ఖర్చును తేల్చే సంగతి. ఖర్చు పంచుకోవాల్సిన రాష్ట్ర అసెంబ్లీ దీని మీద ఒక్కరోజు చర్చించుకునే లోపే బిల్లు అయిపోయింది.

తొందరగా చేసిన చట్టం ఎలా ఉంటుందో ఆంధ్ర వాళ్లకు 2014 నుంచి తెలుసు. విభజన బిల్లు ఫిబ్రవరి 13న పెప్పర్ స్ప్రే మధ్య లోక్‌సభలో ప్రవేశించింది. 18న తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా ఆమోదం పొందింది. 20న రాజ్యసభ. తెలంగాణ ఇవ్వడం న్యాయమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అది దశాబ్దాల పోరాటం, దాని న్యాయం దానిది. చట్టం రాసిన తీరే ప్రశ్న. 26వ సెక్షన్ తీయండి. ఆంధ్ర అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కు, తెలంగాణవి 119 నుంచి 153కు పెంచాలని ఉంది. కానీ వాక్యం మొదట్లోనే ‘రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి’ అని ఉంది. 2026 తర్వాతి తొలి జనాభా లెక్కలు వచ్చేదాకా సీట్ల సంఖ్య మార్చకూడదని ఆ 170వ అధికరణమే చెబుతుంది. అంటే ఒకే వాక్యం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. ‘లోబడి’ బదులు ‘ఏమున్నప్పటికీ’ అని రాస్తే చాలేదా, రాజ్యాంగ సవరణే కావాలా అని తర్వాత పదేళ్లు వాదించుకున్నారు. 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా ఇప్పుడు కుదరదంది. ఆ వాదన జరగాల్సింది 2014 ఫిబ్రవరిలో, సభలో.

డబ్బు దగ్గర ఇంకా ఘోరం. రావాల్సిన పన్ను బకాయిలు, మదింపు ఎక్కడ జరిగితే ఆ రాష్ట్రానివి అని 50వ సెక్షన్. ఎక్కువ వసూలైన పన్ను వాపసు ఇవ్వాల్సి వస్తే జనాభా నిష్పత్తిలో ఇద్దరూ భరించాలని 56వ సెక్షన్. పెద్ద కంపెనీల మదింపంతా హైదరాబాదులో. కాబట్టి వచ్చేది తెలంగాణకు, వాపసుల్లో 58.32 శాతం ఆంధ్రకు. ఈ రెండు సెక్షన్లను కలిపి ఒక్కసారి చదివిన లెక్కల గుమస్తా ఎవరైనా దీన్ని పట్టుకునేవాడు. పదో షెడ్యూల్‌లో పేర్లున్న ఉమ్మడి రాష్ట్ర సంస్థల ఆస్తులు ఎలా పంచాలో చట్టం తేల్చిచెప్పక, ఉన్నత విద్యామండలి బ్యాంకు ఖాతా కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2016 మార్చిలో గానీ తేలలేదు.

మన రెండు జిల్లాల సంగతి 46వ సెక్షన్‌లో ఉంది. రాయలసీమ, ఉత్తర కోస్తాలకు ‘తగిన ప్రోత్సాహకాలు’ ఇవ్వాలని. తగిన అంటే ఎంత? ఎప్పటిలోగా? ఎవరు తేల్చాలి? ఏమీ లేదు. చివరికి వెనుకబడిన 7 జిల్లాలకు, ఒక్కో జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున కొన్నేళ్లు ఇచ్చి ఆపేశారు. పదమూడో షెడ్యూల్‌లో రైల్వే జోను గురించి ‘6 నెలల్లో పరిశీలించాలి’ అని ఉంది. ఏర్పాటు చేయాలి అని లేదు. జోను ప్రకటన 2019 ఫిబ్రవరికి గానీ రాలేదు. గిరిజన విశ్వవిద్యాలయం మాటా అంతే. విజయనగరానికి అది చట్టబద్ధంగా వచ్చింది 2019లో ఇంకో చట్టం చేశాకే. ప్రత్యేక హోదా అయితే రాజ్యసభలో ప్రధాని నోటిమాటగానే మిగిలింది, చట్టంలోకి ఎక్కలేదు. ఒక్క నెల కమిటీలో ఉంటే వీటిలో కొన్నయినా సరిదిద్దేవాళ్లని నేను నమ్ముతున్నాను.

‘ఆలస్యం అమృతం విషం’ అని ఎదురు చెబుతారు. ఎన్నికల్లో గెలిచి వచ్చిన ప్రభుత్వానికి పని చేసే హక్కు లేదా, ప్రతిపక్షం అల్లరి చేస్తూ కూర్చుంటే ఎన్నాళ్లు ఆగాలి అని. అల్లరి మాట నిజం. కానీ అల్లరి సభలో జరుగుతుంది. కమిటీ గదిలో టీవీ కెమెరా ఉండదు, పార్టీ విప్ ఉండదు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక సభలో ఎంపీ విప్ ప్రకారం చెయ్యెత్తాల్సిందే, లేకుంటే పదవి పోతుంది. తన బుర్రతో మాట్లాడే చోటు అతనికి మిగిలింది కమిటీ ఒక్కటే. నిజంగా అత్యవసరమైతే ఆర్డినెన్స్ దారి ఉంది. సభ మళ్లీ కూర్చున్న ఆరు వారాలదాకా అది బతుకుతుంది. ఆ ఆరు వారాల్లో కమిటీ పని ముగించొచ్చు. 2020 జూన్ 5న వ్యవసాయ ఆర్డినెన్సులు తెచ్చినప్పుడు ఈ వీలుంది. వాడుకోలేదు. సెప్టెంబరు 20న రాజ్యసభలో ఓట్లు లెక్కపెట్టే డివిజన్ అడుగుతుంటే, నోటితో అవును, కాదు అనిపించే మూజువాణి ఓటుతో కానిచ్చారు. ఏడాదికి పైగా రైతులు రోడ్డు మీద కూర్చున్నాక 2021 నవంబరు 29న రద్దు చేశారు. ఆ రద్దు బిల్లు కూడా చర్చ లేకుండానే రెండు సభల్లో ఒక్కరోజులో అయింది. ఏది తప్పయిందో సభ రికార్డులో ఎక్కడా లేదు.

కమిటీకి వెళ్తే ఏం ఒరుగుతుందనేవాళ్లకు సమాచార హక్కు చట్టం చూపిస్తాను. 2004 డిసెంబరులో పెట్టిన బిల్లు కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకే వర్తించేది. కమిటీ దాన్ని రాష్ట్రాలకూ విస్తరించమంది. 2005 మేలో అలాగే ఆమోదం పొందింది. ఇవాళ టెక్కలిలోనో బొబ్బిలిలోనో తహసీల్దార్ ఆఫీసులో ఐదు రూపాయల ఫీజుతో అర్జీ పెట్టి అడంగల్ నకలు అడగగలుగుతున్నామంటే ఆ నాలుగైదు నెలల పుణ్యమే. లేకపోతే ఆ చట్టం మనకు శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషను దగ్గరా, పోస్టాఫీసు దగ్గరా ఆగిపోయేది.

ఢిల్లీని అని అమరావతిని వదిలేయడం సరికాదు. 2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు అసెంబ్లీలో పెట్టిన రోజే ఆమోదం పొందింది. మండలి సెలెక్ట్ కమిటీకి పంపుతానంటే ఆ కమిటీ ఏర్పడనే లేదు. 2021 నవంబరు 22న రద్దు బిల్లు, అదీ ఒక్కరోజులోనే. పరిపాలన రాజధాని ఉత్తరాంధ్రకు వస్తుందని ఆశపడ్డవాళ్లకూ, రాకూడదన్నవాళ్లకూ ఎవరి వాదనా పూర్తిగా వినబడలేదు. 2022 సెప్టెంబరు 21న ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు మార్పు బిల్లు, పెట్టిందీ ఆమోదించిందీ ఆ రోజే. 2024లో ప్రభుత్వం మారాక పాత పేరు మళ్లీ వచ్చింది. కేరళ శాసనసభలో బిల్లులు సబ్జెక్ట్ కమిటీలకు వెళ్లే పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉంది. అది మన సభకు ఎందుకు పనికిరాదో ఏ పార్టీ చెప్పదు, అందరికీ ఒక్కరోజు పద్ధతే సుఖంగా ఉంది కాబట్టి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి బిల్లూ దానంతటదే కమిటీకి వెళ్లాలి. వెళ్లనక్కర్లేదంటే ఎందుకో మంత్రి సభలో కారణం చెప్పి, డివిజన్ ఓటింగుతో, ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా నమోదు కావాలి. మూజువాణి కుదరదు. 30 రోజుల ముసాయిదా విధానాన్ని చట్టం చేయాలి. బిల్లు ప్రవేశపెట్టిన రోజే తెలుగుతో సహా అన్ని షెడ్యూల్డ్ భాషల్లో ప్రతి రావాలి. కమిటీలు పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు పిలిచినప్పుడు మామూలుగా 15 రోజుల గడువిస్తాయి, ఇంగ్లీషులోనో హిందీలోనో పంపమంటాయి. తెలుగులో రాసిన కాగితం ఎందుకు తీసుకోరు? అనువాదం చేయించుకోవాల్సింది పార్లమెంటా, పూండి దగ్గర జీడి తోటలో కూలికెళ్లే మనిషా?

అణు చట్టం విషయంలో ఒక కిటికీ ఇంకా ఉంది. చట్టం కింద రాసే నియమాలు పార్లమెంటు ముందు 30 రోజులు ఉంచాలి, వాటిని చూసే కమిటీ వేరే ఉంది. రణస్థలం, ఎచ్చెర్ల, పూసపాటిరేగ మండలాల్లో చదువుకున్న పిల్లలు గెజెట్ వెబ్‌సైటు మీద ఓ కన్నేసి ఉంచాలి. ముసాయిదా కనబడగానే ముందు చూడాల్సినవి ఇవి. పరిహారం తేల్చే అధికారి ఎక్కడ కూర్చుంటాడు, శ్రీకాకుళంలోనా హైదరాబాదులోనా. అర్జీ ఏ భాషలో తీసుకుంటారు. భూమి పట్టా లేని, వలా తెప్పా తప్ప ఆస్తి లేని మత్స్యకారుడు తన నష్టాన్ని ఏ కాగితంతో రుజువు చేయాలి. వేట ఆగిపోయిన నెలల నష్టం లెక్కలోకి వస్తుందా, పట్టిన చేపను ఎవరూ కొనకపోతే అది నష్టమా కాదా. ఈ నాలుగు ప్రశ్నలూ తెలుగులో రాసి, కింద ఇంగ్లీషు పెట్టి, ఊరి వాళ్ల సంతకాలతో ఒకటి విజయనగరం ఎంపీకి, ఒకటి శ్రీకాకుళం ఎంపీకి, ఒకటి నేరుగా కమిటీ సెక్రటేరియట్‌కు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాలి. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జాగ్రత్త పెట్టుకోండి.